దస్త్రమునకు జవాబుదారి యెవరు?

పూర్వము మన గ్రామములందు పట్వారి దస్త్రమును విప్పి చూచువాడు పట్వారి యొక్కడే. పహాణీలో నెవరి పేరున్నదో, ఏ సర్వే నంబరు ఎవరి యనుభవమున వ్రాయబడినదో దున్నెడి రైతునకు తెలియదు. కలము మొన యొక గీత యటునిటు జరిగినచో ఒక కుటుంబము యొక్క భూమియే జరిగిపోయెడిది. అందుచేతనే మన తాతలు సర్కారు కొరడాకంటె పట్వారి కలమునకు హెచ్చుగా వెఱచిరి. 1984లో నాటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము పటేలు పట్వారీ పదవులను రద్దుచేసినప్పుడు తెలంగాణపు పల్లెలు ఊపిరి పీల్చుకొనుటకు కారణ మిదియే.

పట్వారి పోయెను. కాని దస్త్రము పోలేదు. అది పెరిగినది. గ్రామచావడి పెట్టెలో నుండిన కాగితములు నేడు కంటికి కనబడని కంప్యూటరు భాండారములలో చేరినవి. మంథని బజారున రేషను దుకాణము ముందు నిలిచిన వృద్ధురాలు యంత్రముపై వ్రేలు మోపినగాని బియ్యము తూచబడవు. బ్యాంకులో ఆధార్ సంఖ్య, ఆసుపత్రిలో రోగవివరము, బడిలో పిల్లవాని కులము, ఫోను దుకాణములో ముఖచిత్రము, ఇంటికి వచ్చిన గణకునికి సంసారపు లెక్క - ఈ విధముగా మనము మన జీవితమును తునుకలు తునుకలుగా పదిమంది చేతులలో పెట్టుచున్నాము. ఇచ్చువాడు సామాన్యుడు, వ్రాసికొనువాడు ప్రభుత్వము, లేదా వర్తకుడు. ఆ వ్రాత తప్పైనచో దిద్దువా రెవరు? అది యన్యుల చేత బడినచో ఉత్తరమిచ్చువా రెవరు? పట్వారి యైనచో ఊరిలోనే యుండెడివాడు. అతని గుమ్మము మనకు తెలిసియుండెడిది. నేటి పట్వారి గుమ్మ మెక్కడ నున్నది?

ఈ ప్రశ్నను యోచించునప్పుడు మా దృష్టి హిందూ మహాసముద్రమునందలి మారిషసు ద్వీపముపై నిలిచినది. పెద్ద పెద్ద రాజ్యముల యుదాహరణములను విడిచి, వైశాల్యమున దాదాపు మన పెద్దపల్లి జిల్లా యంతయే యుండి, పన్నెండున్నర లక్షల జనము మాత్రమే గల యీ చిన్న దేశము నేల గైకొంటిరని పాఠకు లడుగవచ్చును. కారణములు రెండు గలవు. మొదటిది బంధుత్వము. మంథని యొడ్డును తాకి పారు గోదావరి సముద్రమున గలియు తావునకు చేరువనే కోరంగి రేవున్నది. పందొమ్మిదవ శతాబ్దిలో ఆ రేవునుండి చెఱకుతోటల కూలికై ఓడలెక్కి పోయిన తెలుగువారిని మారిషసులో 'కోరింగీ'లని పిలిచిరి. వారి సంతతి నేటికిని అచట ఉగాది చేసికొనుచున్నది. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ ద్వీపముననే జరిగినవి. రెండవ కారణ మంతకంటె ముఖ్యమైనది. మనుష్యుని ఒక సంఖ్యగా మార్చి, చీటిలో బంధించి, ఆ చీటితో నతని నాడించుట యనగా నేమో ఆ ద్వీపము తన శరీరముపై ననుభవించినది.

1834 మొదలు 1920 వఱకు భారతదేశమునుండి దాదాపు ఐదు లక్షలమంది ఒప్పందపు కూలీలు పోర్టులూయీ రేవున దిగిరి. వారు దిగిన 'ఆప్రవాసీ ఘాటు'ను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. రేవున దిగిన ప్రతివానికిని ఒక సంఖ్య నిచ్చిరి. అతని పేరు, తండ్రి పేరు, ఊరు, కులము, వయస్సు, ఎత్తు, దేహముపై మచ్చలు - అన్నియు దస్త్రమున కెక్కినవి. ఒప్పందము గడువు తీరినవారు సైతము స్వతంత్రులు కారైరి. 1867 నాటి శాసనము వారిని ఛాయాచిత్రముతో గూడిన రహదారి చీటిని నిత్యము దగ్గర నుంచుకొనవలెనని నిర్బంధించెను. చీటి లేక త్రోవలో కనబడినవానిని పోలీసువారు దిమ్మరి యని పట్టుకొనిపోవుచుండిరి. చెఱకుతోట విడిచి కూరగాయ లమ్ముకొని బ్రతుకదలచిన కూలివాడు చీటికి వెఱచి మరల తోటకే చేరవలసివచ్చెను. ఛాయాచిత్ర మందమునకు గాదు, సంకెలకు.

ఈ యన్యాయమును సహింపక 1871లో ఆ పాత వలసకూలీలు తొమ్మిదివేల నాలుగువందల మందికి పైగా సంతకములు, గుర్తులు పెట్టి ప్రభుత్వమునకు మహజరు సమర్పించిరి. అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అను ఐరోపీయుడు వారికి తోడుపడి, తోటల యజమానుల కోపమునకు గురియయ్యెను. ఆ మహజరు ఫలితముగా 1872లో రాజకీయ విచారణ సంఘ మేర్పడినది. అక్షరము రానివారు, ఊరు విడిచినవారు, దిక్కు లేనివారు దస్త్రమునకు జవాబు చెప్పుమని ప్రభుత్వము నడిగిరి. ప్రభుత్వము జవాబు చెప్పవలసి వచ్చెను. ఈ విషయమును మన పాఠకులు మఱువకుందురుగాక.

కాలమహిమ యెట్టిదో చూడుడు. కూలీని బంధించిన ఆ దస్త్రములే నేడు మోకా పట్టణమందలి మహాత్మా గాంధీ సంస్థలో భద్రముగా నున్నవి. తన ముత్తాత యే యూరివాడో తెలిసికొనగోరిన మారిషసు తెలుగువాడు ఆ సంఖ్యల దారినే నడచి మన పల్లెకు చేరుచున్నాడు. కావున దస్త్రము స్వభావముచే పాపము గాదు. అది యెవరి చేతిలో నున్నది, దేనికొఱకు వాడబడుచున్నది, ఎవరికి లోబడియున్నది అనుదానిని బట్టి అది సంకెలయు గావచ్చును, చుట్టరికమును గావచ్చును.

వ్రేలిముద్రల విషయమున మన జాతీయోద్యమమునకును ఒక పాఠము గలదు. 1906లో ట్రాన్సువాలు ప్రభుత్వము భారతీయులందఱును వ్రేలిముద్రలు వేసి పత్రములు తీసికొనవలెనని శాసింపబూనినప్పుడు, సెప్టెంబరు 11వ తేదీన జోహాన్సుబర్గు నగరమున గాంధీగారి నాయకత్వమున జరిగిన సభయే సత్యాగ్రహమునకు పురిటిగడ్డ. ఆ పోరాటమున గాంధీగారితోపాటు కారాగారమునకు బోయిన తమిళ వీరుడు తంబి నాయుడు మారిషసులో పుట్టినవాడు. 1908 జనవరిలో రాజీ కుదిరినప్పుడు గాంధీగారు తామే వ్రేలిముద్ర వేయుటకు ముందునకు వచ్చిరి. శాసనము రద్దుచేయుదుమన్న మాటను ప్రభుత్వము తప్పినదని తేలిన పిమ్మట అదే సంవత్సరము ఆగస్టులో ఆ పత్రములు రాశిగా పోసి కాల్చబడినవి. ముద్ర వేయుటలో నవమానము లేదు. నిర్బంధమున నవమానము గలదు. స్వేచ్ఛతో నిచ్చినది సహకారము, బెదరించి తీసికొన్నది దాస్యము. నేటి శాసనకర్తలు 'సమ్మతి' యని పిలుచుచున్న దాని మూలార్థ మిదియే.

దండియాత్ర బయలుదేరిన మార్చి 12వ తేదీననే, 1968లో మారిషసు స్వతంత్రమయ్యెను. అట్టి దేశమున 2013లో ప్రభుత్వము నూతన గుర్తింపు కార్డును ప్రవేశపెట్టి, పౌరులందఱి వ్రేలిముద్రలను కేంద్ర భాండారమున దాచ నారంభించెను. తాతల చీటిని మఱువని ప్రజలలో కలవరము పుట్టినది. పౌరులు న్యాయస్థానము నాశ్రయించిరి. 2015 మే నెలలో మారిషసు సుప్రీము కోర్టు తీర్పు చెప్పెను: గుర్తింపునకై ముద్ర తీసికొనుట చెల్లును, కాని దానిని తగిన రక్షణలు లేక కేంద్ర భాండారమున నిలువచేయుట రాజ్యాంగ విరుద్ధము. ఆ తీర్పునకు లోబడి ప్రభుత్వము భాండారమందలి ముద్రలను నాశనము చేసెను. కోట్ల ధనము వ్యయించి కూర్చినదానిని ఒక న్యాయస్థానము మాటపై చెఱిపివేయుట ప్రభుత్వమునకు చిన్నతనము గాదు, గౌరవము.

కథ యంతటితో ముగియలేదు. అర్జీదారుడు ముద్ర తీసికొనుటయే తప్పని లండను నందలి ప్రీవీ కౌన్సిలుకు పోయెను. స్వతంత్ర దేశమయ్యును మారిషసునకు తుది యప్పీలు నేటికిని లండనులోనే యుండుట విచారకరము; అచట 2016లో నతని యప్పీలు కొట్టివేయబడినది. అతడు నిరాశ చెందక ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల సంఘమునకు మొఱపెట్టుకొనెను. కార్డునందు నిలువయుండు వ్రేలిముద్రల భద్రతకు తగిన హామీలు లేవు గనుక అతని ఏకాంత హక్కునకు భంగము కలిగినదని ఆ సంఘము 2021లో నిర్ణయించెను. ఒక సామాన్యుడు తన బొటనవ్రేలి కొఱకు మూడు పీఠముల ముందు నిలిచి యెనిమిదేండ్లు పోరాడెను. స్వాతంత్ర్యము నిలుచునది ఇట్టి మొండితనము వలననే.

ఈ నడుమ, 2017లో, ఆ దేశపు శాసనసభ వ్యక్తిగత వివరముల రక్షణకై నూతన శాసనము చేసెను. 2004 నాటి పాత శాసనమును తొలగించి యిది 2018 జనవరి 15వ తేదీనుండి యమలులోనికి వచ్చెను. ఐరోపా దేశముల నియమములను ముందుంచుకొని దీనిని వ్రాసిరి. ఇందు మనకు ముఖ్యమైన యంశములు నాలుగు. ఈ శాసనము ప్రభుత్వమునుగూడ బంధించును. ఆ మాట మొదటనే స్పష్టముగా చెప్పబడినది. దీని యమలునకు ఒక కమిషనరు గలడు. ఆతని కార్యాలయము ఎవరి యదుపునకును లోబడక నిష్పక్షపాతముగా పనిచేయవలెనని శాసనమే విధించినది. వివరములు దొంగతనము పాలైనచో, వీలైనంతవఱకు 72 గంటలలోగా ఆ సంగతి కమిషనరునకు తెలుపవలెను. నాలుగవది: మనుష్యుని ప్రమేయము లేక కేవలము యంత్రము చేసిన నిర్ణయమునకు బద్ధుడు గాకుండ నుండు హక్కు పౌరునకు గలదు. తన్ను గూర్చి యేమి వ్రాసియున్నదో చూచు హక్కు, తప్పున్నచో దిద్దించు హక్కు సరేసరి. వివరములను అక్రమముగా వెల్లడించినవానికి ఐదేండ్ల వఱకు కారాగార శిక్షయు విధింపవచ్చును.

ఇది చదివి మారిషసు స్వర్గమని యెవరును భ్రమింపవలదు. ప్రభుత్వ శాఖలు అవసరమును బట్టి పరస్పరము వివరము లిచ్చిపుచ్చుకొనుటకు ఆ శాసనమే యొక ద్వారము విడిచినది. జాతీయ భద్రత పేర ప్రధానమంత్రి ధ్రువపత్ర మిచ్చినచో శాసనపు రక్షణ తొలగును. ఈ యొక్క కిటికీ ఎంతటి గాలిని లోనికి రానీయగలదో 2024లో లోకము చూచినది. ఆ అక్టోబరులో రాజకీయ నాయకులు, న్యాయవాదులు, పత్రికారచయితలు మున్నగువారి ఫోను సంభాషణలని చెప్పబడిన ధ్వనిముద్రికలు సామాజిక మాధ్యమములలో వెలువడినవి. ప్రభుత్వము ఎన్నికలు ముగియువఱకు ఆ మాధ్యమములనే మూసివేయ నాజ్ఞాపించి, నిరసనలు రాగా మఱునాడే యాజ్ఞను వెనుకకు తీసికొనెను. నవంబరు 10వ తేదీ ఎన్నికలలో ప్రజలు తీర్పు చెప్పిరి: ఎన్నికైన 62 స్థానములలో 60 ప్రతిపక్ష కూటమికి దక్కినవి. ఓటమికి కారణములు పెక్కులుండవచ్చును. కాని దేశమున వివరముల రక్షణ శాసన ముండగనే పాలకుల చెవి ప్రజల గోడకు చేరెనన్న యపవాదు అందు ప్రధానము. శాసనము లేకుండుట కీడు. శాసనమున పాలకులకు మాత్రము దొడ్డిదారి యుండుట అంతకంటె మోసకరమైన కీడు.

ఇక మన యింటి సంగతి చూతము. విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి గారి వ్యాజ్యమున భారత సుప్రీము కోర్టు 2017 ఆగస్టు 24వ తేదీన తొమ్మిదిమంది న్యాయమూర్తుల యేకగ్రీవ తీర్పుతో ఏకాంతము ప్రాథమిక హక్కని చాటినది. 2018 సెప్టెంబరులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ప్రభుత్వ సహాయములకు ఆధార్ చెల్లునని అధికసంఖ్యాకుల నిర్ణయముగా చెప్పి, ప్రయివేటు కంపెనీలు దానిని కోరు వెసులుబాటును కొట్టివేసినది. 2023 ఆగస్టులో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత వివరముల రక్షణ శాసనము నామోదించెను. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. ముఖ్యమైన బాధ్యతలు నెఱవేర్చుటకు పదునెనిమిది నెలల గడువీయబడినది.

ఈ శాసనమున మంచి లేకపోలేదు. సమ్మతి నడుగు ప్రకటనను రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలు నందలి భాషలలో కోరు హక్కు గలదు. అనగా మంథని పౌరుడు తెలుగున నిమ్మని యడుగవచ్చును. భద్రతా బాధ్యతను విస్మరించిన సంస్థకు 250 కోట్ల రూపాయల వఱకు జరిమానా విధింపవచ్చును. కాని ఆ సొమ్ము ప్రభుత్వ ఖజానాకు పోవును. నష్టపడినవానికి ఈ శాసనము క్రింద నష్టపరిహారము లేదు. అంతేగాక పౌరుడు నిరాధారమైన ఫిర్యాదు చేసినచో అతనిపై పదివేల రూపాయల వఱకు జరిమానా పడవచ్చును. గాయపడినవానికి మందు లేదు, మొఱపెట్టినవానికి బెదరింపు మాత్రము గలదు!

ఇంతకంటె పెద్ద లోపము వేరొకటి గలదు. దేశ భద్రత, శాంతి మొదలగు కారణములపై కేంద్ర ప్రభుత్వము తాను పేర్కొన్న ప్రభుత్వ సంస్థలను ఈ శాసనమునుండి పూర్తిగా మినహాయింపవచ్చును. సహాయ పథకముల కొఱకు వివరములు వాడుటకు ప్రభుత్వమునకు సమ్మతి యవసరము లేదు. చెఱిపివేయుమని కోరు హక్కు ప్రభుత్వముపై వర్తింపదు. విచారణ జరుపవలసిన బోర్డు స్వతంత్రమని శాసనము చెప్పుచున్నది. కాని దాని సభ్యులను నియమించునది కేంద్ర ప్రభుత్వమే. యంత్రము చేసిన నిర్ణయమును తిరస్కరించు హక్కు మారిషసువానికి గలదు, మనకు లేదు. వర్తకుని కట్టివేసి పాలకుని విడిచిపెట్టిన శాసనము సగము శాసనము. మన దేశమున అన్నింటికంటె పెద్ద దస్త్రమెవరిది? వర్తకునిదా, ప్రభుత్వమునిదా?

ఈ మాట తర్కమునకై యనుటలేదు. మన తెలంగాణపు వంటింటి సంగతి యిది. 2014 ఆగస్టు 19వ తేదీన సమగ్ర కుటుంబ సర్వే పేర రాష్ట్రమంతయు ఒక్కదినమున లెక్కింపబడినది. పరదేశములలో, పరపట్టణములలో నున్నవారు సైతము బస్సులు పట్టుకొని సొంతయూళ్లకు పరుగెత్తిన యాదినము మనకు జ్ఞాపకమే. కోటికి పైగా కుటుంబములు తమ వివరము లిచ్చినవి. అటుపిమ్మట వేర్వేరు శాఖల దస్త్రములను జోడించి, ఏ కుటుంబమునకు కారున్నది, ఎవరికి భూమి యున్నది అని పోల్చిచూచు 'సమగ్ర వేదిక' యను కంప్యూటరు విధానము నెలకొల్పబడినది. ఇట్టి పోలికల ఆధారమున రద్దయిన రేషను కార్డులు సుమారు 19 లక్షలు. వాదము సుప్రీము కోర్టునకు చేరగా, 2022 ఏప్రిలులో ఆ న్యాయస్థానము క్షేత్రమునకు పోయి మరల తనిఖీ చేయుమని రాష్ట్ర ప్రభుత్వము నాదేశించినది. తనిఖీలో అన్యాయముగా కార్డు కోల్పోయిన కుటుంబములు వేల సంఖ్యలో తేలినవి. పేరుల పోలికవలన ఎవరిదో కారు ఒక రిక్షా కార్మికుని లెక్కలో బడి, ఆ యింటి బియ్య మాగిపోయిన యుదంతమును పత్రికలు ప్రకటించినవి.

దొంగ కార్డులు తొలగింపవలదని మేము చెప్పుటలేదు. పేదల బియ్యమును ధనికులు తినుట దోషమే. దానిని పట్టుటకు యంత్రము తోడ్పడునెడల తోడ్పడనిండు. కాని యంత్రము సాక్షి గావలెను, న్యాయాధిపతి గారాదు. హంతకునికి సైతము తీర్పునకు ముందు 'నీ వేమి చెప్పెద' వని యడుగు దేశ మిది. బియ్యపు కార్డు పోగొట్టుకొను విధవరాలి నేల యడుగరు? తప్పుగా ఉంచిన కార్డువలన ఖజానాకు కలుగు నష్టము కొన్ని రూపాయలు; తప్పుగా తీసిన కార్డువలన ఇంటికి కలుగు నష్టము పస్తు. ఈ రెండింటిని ఒకే త్రాసులో తూచువాడు లెక్క తెలిసినవాడు గావచ్చునుగాని పాలకుడు గాడు. 2024 నవంబరునుండి ప్రభుత్వము కులగణనతో గూడిన ఇంటింటి సర్వే జరిపినది. అణగిన వర్గములకు న్యాయము చేయుటకు ఆ లెక్క యావశ్యకమని మేము నమ్ముచున్నాము. అందుచేతనే ఆ లెక్కకు కావలియు నావశ్యకము. న్యాయమునకై యిచ్చిన వివరము రేపు మఱియొక పనికి మళ్లదని హామీ యెక్కడ? ఫోను సంభాషణలను రహస్యముగా వినిరను ఆరోపణపై 2024 మార్చిలో హైదరాబాదున కేసు నమోదైన రాష్ట్రమున ఈ ప్రశ్న వేయుట అనుమాన రోగము గాదు.

మఱియొక సంగతి. రక్షణ శాసనము పేరనే 2005 నాటి సమాచార హక్కు శాసనము సవరింపబడినది. ప్రజాకార్యములతో సంబంధము గల వ్యక్తిగత వివరమును ఇయ్యవలెనని పూర్వమున్న మాటలు ఆ నిబంధనలోనుండి తొలగినవి. విశాల ప్రజాహితము నిమిత్తము ఇయ్యవచ్చునను వేఱొక నిబంధన మిగిలియున్నదిగాని, ఇయ్యనొల్లని యధికారికి 'వ్యక్తిగతము' అను నొక్క మాట చాలు, అర్జీని త్రిప్పిపంపుటకు. సామాన్యుని గుట్టు అధికారికి తెరచియుండి, అధికారి లెక్క సామాన్యునికి మూసియుండుట - ఇది తలక్రిందుల న్యాయము. ఏకాంతము బలహీనునకు కవచము గావలెనుగాని బలవంతునకు తెర గారాదు.

'నేనేమి దొంగనా? దాచుటకు నాకేమున్నది?' యని మన పట్టణమున పెద్దమనుష్యులు సైత మనుచుందురు. అయ్యా, తలుపు గడియ పెట్టుకొని స్నానము చేయువాడు దొంగయని మీరందురా? ఆడబిడ్డ పెండ్లిమాటలు వీధిలో మాటాడరు. తల్లి రోగము బజారున చెప్పరు. అప్పుపత్రము అంగడిలో పరవరు. ఇందు దొంగతన మేమున్నది? ఇది మర్యాద. మన పూర్వులు దానికి శాసనము వ్రాయలేదు, ఆచారముగా పాటించిరి. ఆచారము యంత్రమునకు తెలియదు గనుకనే యిప్పుడు శాసనము కావలసివచ్చినది.

కావున మా కోరికలు స్పష్టముగా చెప్పుచున్నాము. ఏ కుటుంబమునకు గాని రేషను, పింఛను, సహాయము నిలుపుటకు ముందు తెలుగున నోటీసు నిచ్చి, కారణము చెప్పి, మండల కార్యాలయమున ఒక మనుష్యుడు మఱియొక మనుష్యుని మాట వినవలెను. తన్ను గూర్చి ప్రభుత్వ దస్త్రములలో నేమి వ్రాసియున్నదో ప్రతిపౌరుడును ఖర్చులేక చూచుకొని దిద్దించుకొను నేర్పాటు గావలెను. ఒక పనికై తీసికొన్న వివరమును మఱియొక పనికి వాడునప్పుడు ఆ సంగతిని ప్రజలకు బహిరంగముగా ప్రకటింపవలెను. కేంద్ర శాసనము సవరింపబడి, ప్రభుత్వమును గూడ బంధించునదై, నియామకములందు ప్రభుత్వ హస్తము లేని కావలిదారు నేర్పరుపవలెను. మొదటి మూడింటికి ఢిల్లీవైపు చూడనక్కరలేదు. హైదరాబాదు తలచిన చాలును. 2023 డిసెంబరులో రాష్ట్ర ఐటీ శాఖ భారమును స్వీకరించిన శ్రీ శ్రీధర్‌బాబు గారు మంథని యోటర్లు పంపిన ప్రతినిధియే. తెలుగుదేశమునకు, పిదప భారతదేశమునకును నాయకత్వము వహించిన పీ.వీ. నరసింహారావు గారిని శాసనసభకు పంపిన నియోజకవర్గ మిది. ఇచటినుండి లేచిన కోరిక దూరము పోదని యెవ రనగలరు?

పాఠకులకును ఒక మనవి. వ్రేలు మోపుటకు ముందు 'దేని కొఱకు?' అని యడుగుడు. ఆధార్ నకలును ప్రతి దుకాణమున విడిచిపెట్టి రాకుడు. చదువురాని పొరుగువాని కార్డు ఆగినచో, అతని తరఫున అర్జీ వ్రాసి యిండు. పఠన మందిరమున పత్రిక చదువువాని మొదటి ధర్మ మదియే. 1871లో మారిషసు చెఱకుతోటలలో తొమ్మిదివేలమంది కూలీలు, చీటి లేనిచో చెఱసాల యని తెలిసియు, మహజరుపై గుర్తులు పెట్టిరి. వారికి చదువు లేదు, ఓటు లేదు, స్వదేశము లేదు. మనకు మూడును గలవు. వారు పెట్టిన గుర్తు ప్రభుత్వమును ప్రశ్నించినది. మనము పెట్టుచున్న వ్రేలిముద్ర యూరక తల యూచుటకేనా?